గురువారం బిల్డులు, అక్క హస్తవాసి

మా ఊళ్ళో ఎవరు గల్ఫ్‌కు వెళ్ళినా దుబాయి వెళ్ళినట్టే లెక్క. నేను బహ్రెయిన్‌లో కొన్నేళ్ళు ఉండి వచ్చినా మా అమ్మ ఇప్పటికీ చుట్టాలతో "మావోడు దుబాయిల కంప్యూటర్ పని చేసిండు" అనే అంటుంది. సరిదిద్దే ఓపిక నాకెప్పుడో పోయింది. ఆ రోజుల్లో నాకు బాగా తెలిసిన సంగతులు రెండే. ఒకటి, నేను చాలా తెలివైనవాణ్ణని. రెండోది, ఆ సంగతి లోకం ఇంకా గుర్తించలేదని. (ఇప్పుడు లోకం మీద నాకే ఫిర్యాదూ లేదు. మొదటిదాని మీదే కాస్త అనుమానం.) ఆ తెలివినంతా సూట్‌కేసులో సర్దుకుని, అమ్మ పెట్టిన సకినాల డబ్బాతో సహా బహ్రెయిన్‌లోని రిఫా అనే ఊళ్ళో దిగాను. సకినాలు వారం రోజులు కూడా రాలేదు. తెలివి అంతకన్నా ముందే అయిపోయింది.

మా ఆఫీసు ఒక ఫర్నిచర్ దుకాణం పైన ఉండేది. సోఫాల మధ్య నుంచి దారి చేసుకుని మెట్లెక్కితే రెండు గదులు, ఒక టీ కెటిలు. చిన్న దుకాణాల కౌంటర్ల మీద బిల్లు కొట్టడానికి ఒక తెర ఉంటుంది చూడండి, దానికి ప్రోగ్రాములు రాయడం మా పని. కోల్డ్ స్టోర్లు (ఐసు అమ్మేవి కావు, మన కిరాణా కొట్లనే అక్కడ అలా అంటారు), లాండ్రీలు, బేకరీలు, టైలర్ షాపులు అన్నీ మా ఖాతాదారులే. నిజానికి ప్రోగ్రాము ఒక్కటే. పేరు మార్చి, రంగు మార్చి, నాలుగు మీటలు అటూ ఇటూ చేసి ఇంకో దుకాణానికి అంటగట్టేవాళ్ళం. ఇలా అంటగట్టీ అంటగట్టీ నేను చేరేనాటికి ఒకే పోలికలున్న ప్రాజెక్టులు గంపెడు పోగయ్యాయి. ఒకదాంట్లో తప్పు దిద్దితే మిగతా అన్నింట్లోనూ అదే తప్పును మళ్ళీ మళ్ళీ దిద్దాలి. దిద్దాక ప్రతిదాన్నీ బిల్డు చెయ్యాలి. అంటే మేం రాసింది ఆ తెరకు నేరుగా అర్థం కాదు కాబట్టి, దాన్ని రుబ్బి, పొట్లం కట్టి, మా దగ్గర నుంచే వచ్చిందని ముద్ర కొట్టి పంపాలన్నమాట. ముద్ర కొట్టే కంప్యూటర్ ఒక్కటే ఉండేది. ముసలిది. నెత్తిమీద అల్లిక గుడ్డ ఒకటి కప్పుకుని గది మూలన కూర్చునేది.

ఆ గుడ్డ అల్లింది అక్క. ఆఫీసులో బిల్డుల పనంతా ఆమెదే. నా తోడబుట్టింది కాదు. తణుకు దగ్గర పల్లెటూరు, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. బావ, అంటే ఆమె భర్త, ఈసా టౌన్‌లో ఒక బడిలో లెక్కల మాస్టారు. నేను చేరిన కొత్తలో మధ్యాహ్నం పూట మెట్ల మీద కూర్చుని ఖుబ్జ్ రొట్టె పెరుగులో ముంచుకుని తినేవాణ్ణి. ఒకరోజు అక్క చూసింది. మర్నాడు తన క్యారియరు పక్కన ఇంకో డబ్బా పెట్టి, "మెట్ల మీద తిండేంట్రా, అడుక్కునేవాడిలాగ? ఇలా వచ్చి కూర్చో" అంది. ఆ తర్వాత నాకు మెట్లతో పని పడలేదు. పొద్దున బావ కారులో మమ్మల్నిద్దరినీ ఆఫీసు దగ్గర దింపి బడికి పోయేవాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవాడు. వెనక సీటులో డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉద్యోగం నాది. అంత మంచి ఉద్యోగం నాకు మళ్ళీ దొరకలేదు.

శుక్రవారం, శనివారం అక్కడ సెలవు. అందుకని వారానికి సరిపడా మార్పులన్నీ గురువారమే దుకాణాలకు వెళ్ళాలి. అక్క పద్ధతి చూసి తీరాల్సిందే. మొదటి మీట నొక్కితే పొట్లం తయారయ్యేది. అప్పుడామె కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఆ దుకాణం కోసం ప్రార్థన చేసేది. "ప్రభువా, ఈ లాండ్రీని, ఇందులో ఇస్త్రీ చేసే అబ్బాయిని నీ చేతులకప్పగిస్తున్నాను. ఏ ఆటంకమూ రానియ్యకు తండ్రీ, ఆమెన్." అప్పుడు రెండో మీట, ముద్ర. ఆ వెంటనే ఇంకో దుకాణం, ఇంకో ప్రార్థన. ఇలా పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా పట్టేది.

"గిన్ని దుకాణాలకు దండాలు పెడ్తే పొద్దు గూకుతది గదా అక్కా. లాండ్రీలకు సుత దేవుడేనా?" అన్నాను ఒకసారి.

"లాండ్రీవాడు మాత్రం మనిషి కాదేంట్రా?" అంది కళ్ళు తెరవకుండానే. "నోరు మూసుకో, మధ్యలో మాట్లాడితే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి."

ఆ మధ్యనే అక్క నెల తప్పింది. ఒక గురువారం డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చి, పని నాకు అప్పగించింది. నేను ఎగిరి గంతేశాను. ప్రార్థనలూ గీర్థనలూ ఏవీ లేకుండా టపటపా మీటలు నొక్కేసి, ఆమె రోజంతా చేసే పనిని టీ చల్లారేలోగా ముగించి, కాళ్ళు బల్ల మీద పెట్టుకున్నాను. అప్పుడు మొదటి ఫోను వచ్చింది. లాండ్రీ నుంచి. "ఏం భాయ్, కస్టమరు సూటు పట్టుకుని నిలబడితే మీ తెర రొట్టె పెద్దదా చిన్నదా అనడుగుతోంది!" అది పెట్టెయ్యగానే బేకరీ నుంచి. సమోసాలు ఉతికి ఇవ్వాలా, ఇస్త్రీ ఒక్కటే చాలా అని తేల్చుకోమంటోందట. టైలరు షాపతను అన్నిటికన్నా మర్యాదస్తుడు. తన షాపులో నడుము కొలత లీటర్లలో వస్తోందని, ఇది కొత్త చట్టమా అని అడిగాడు.

మా మేనేజరు సారు హైదరాబాదు మనిషి. ప్రతిదానికీ "రేపు చూద్దాం" అంటాడని మేము ఆయన్ని చాటున రేపు సారు అనుకునేవాళ్ళం. ఆ రోజు మాత్రం రేపటి దాకా ఆగలేదు. ఆస్పత్రిలో ఉన్న అక్కకు ఫోను చేశాడు. ఆమె అటునుంచి అటే వచ్చి, చేతి సంచి కూడా దింపకుండా కూర్చుని, ఒక్కో దుకాణానికీ ప్రార్థన చేసి మళ్ళీ పంపింది. సమోసాలు సమోసాలయ్యాయి, సూట్లు సూట్లయ్యాయి. సారు నా భుజం మీద చెయ్యి వేసి, జాలిగా అన్నాడు: "దీన్నే హస్తవాసి అంటారు బేటా. కొందరు డాక్టర్లు ఉత్త నీళ్ళిచ్చినా రోగం తగ్గుతది. నీ చేతిల ఆ బాత్ లేదు, ఏం జేస్తం?" నేను ఇంజనీరింగు చదివినవాణ్ణి. మరి ఆ రోజు నేనూ నమ్మాను. నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాను కూడా.

ఇక ఆ హస్తవాసే అక్క మెడకు చుట్టుకుంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళాలని లీవు అడిగితే, సారు ఎంతో ప్రేమగా, "పోమ్మా, ఎవరు వద్దన్నరు? కాని గురువారాలు ఎవరు చేస్తరు? కొత్త మనిషి వీసా రానీ, రేపు చూద్దాం" అన్నాడు. ఆ కొత్త మనిషి వీసా ప్రతి వారమూ వచ్చే వారం వచ్చేది. కడుపు పెరిగితే విమానం వాళ్ళు ఎక్కనివ్వరు. ఆ గడువు దగ్గరికొచ్చేస్తోంది. ఒక సాయంత్రం కారులో అక్క రేడియో కూడా పెట్టనివ్వలేదు. బావ ఏదో అడగబోతే కిటికీ వైపు తిరిగి, నాతోనే చెబుతున్నట్టుగా అంది.

"ఇంతకు ముందోసారి నిలవలేదురా. ఇక్కడే. మీ బావ బడిలో ఉన్నారు, ఇంట్లో నేనొక్కదాన్నే. అప్పుడు అమ్మా అని అరిస్తే ఆ గదిలో నా గొంతే నాకు వినబడింది. ఈసారి అరిస్తే మా అమ్మ పలకాలి. అంతే నాక్కావాల్సింది."

వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదల్లేని మనిషి. బహ్రెయిన్ రాలేదు. ఆ వయసులో నాకు ఏడుపొస్తే ప్రగల్భాలు బయటికొచ్చేవి. "అక్కా, నువ్వు ఫికరు జెయ్యకు. నువ్వు పో. బిల్డుల సంగతి నేను జూసుకుంట. మనిషి చెయ్యే అక్కరలేకుంట జేస్త" అన్నాను. బావ అద్దంలోంచి నన్ను చూసి, "నీ చెయ్యి తగలకపోవడమే మంచిదిలే బావమరిదీ" అన్నాడు. అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. నవ్వింది కాబట్టి ఇక నేను మాట తప్పడానికి వీల్లేదు.

మర్నాటి నుంచి పనిలో దిగాను. నా ఆలోచన చాలా మామూలుది. ఇన్ని ప్రాజెక్టులకు ఇన్ని బిల్డు పద్ధతులెందుకు? వంట ఒకటే అయినప్పుడు ఆ వంట చేసే తీరు ఒక్కచోట రాసి పెడితే చాలు. ఒక్కో దుకాణం దగ్గర దాని పేరు, రంగు, మీటలు మాత్రం ఉంటాయి. మిగిలిందంతా పైనున్న ఆ ఉమ్మడి స్క్రిప్టు చూసుకుంటుంది. ఒక్క మీట నొక్కితే అన్నీ వరసగా బిల్డు కావాలి. చెప్పుకోవడానికి బాగుంది గానీ, చూడబోతే కవలల్లాంటి ఆ ప్రాజెక్టులకు ఒక్కోదానికి ఒక్కో అలక. అవన్నీ తెలిసింది అక్క ఒక్కదానికే. కారులో వెళ్తూ వస్తూ నాకు ఒప్పజెప్పేది. "నువైద్రాత్ కోల్డ్ స్టోరుంది చూడు, దానికి పాత ఫాంటే కావాలి, కొత్తది పెడితే అరబ్బీ అక్షరాలు విడిపోతాయి. ఆ టైలరుకి ఎప్పుడూ ఆఖర్న చెయ్యి. పెద్ద బేకరీకి బొమ్మలెక్కువ, తొందరపెట్టకు, పాపం." కన్నకూతుళ్ళను అత్తవారింటికి పంపుతూ ఎవరికేం పడదో చెప్పే తల్లిలాగే చెప్పేది. నేను ఒక్కో అలకనూ స్క్రిప్టులోకి ఎక్కించుకుంటూ వచ్చాను.

అంతా అయింది. ఆఫీసులో పరీక్షకు పెట్టుకున్న తెరల మీదికి పంపి చూశాను. లాండ్రీలో రొట్టెలు! మళ్ళీ అదే కథ. స్క్రిప్టులో అక్షరం అక్షరం వెతికాను, తప్పు దొరకలేదు. చేత్తో చేసినా రొట్టెలే, మిషను చేసినా రొట్టెలే. అక్క చేస్తే మాత్రం సూట్లు. రేపు సారు నా వెనక నిలబడి, "నేను జెప్పలే?" అన్నట్టు టీ తాగేవాడు. విమానం గడువు ముంచుకొస్తుంటే నాకు మతి పోయింది. అక్క కుర్చీలో కూర్చుని చూశాను. ఆమె మెత్త వేసుకుని చూశాను. ఆమె కప్పులో టీ కూడా తాగాను. ముసలి కంప్యూటరు మీది గుడ్డ సర్ది, దాని వీపు కూడా నిమిరాను.

చివరికి సిగ్గు విడిచి అడిగాను. "అక్కా, ఆ ప్రార్థన నాకు నేర్పరాదు?"

"ప్రార్థన నేర్పేదేంట్రా, అదేమన్నా పాస్‌వర్డా? నీ దేవుడికి నువ్వు చెప్పుకో, నీ మాటల్లో. మనసులో ఉంటే చాలు" అంది.

సరే, స్క్రిప్టు పక్కన పెట్టి, చేత్తో మొదలెట్టాను. మొదటి మీట నొక్కి, చెప్పులు విడిచి నిలబడి, కళ్ళు మూసుకుని కొండగట్టు అంజన్నకు మొక్కాను. లాండ్రీ సరిగ్గా వచ్చింది! బేకరీకి కొబ్బరికాయ మొక్కితే అదీ వచ్చింది. ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ ఊపులో కోల్డ్ స్టోర్లకు కొబ్బరికాయలు, టైలర్లకు తలనీలాలు, ఒక పెద్ద లాండ్రీకి నడిచి కొండెక్కుతానని కూడా మొక్కేశాను. (వీటిలో చాలా మటుకు ఇంకా బాకీ. అంజన్న ఓర్పున్న దేవుడు.) ఇలా పోగా పోగా, నువైద్రాత్ కోల్డ్ స్టోరు దగ్గరికొచ్చేసరికి ఏసీ చలికి గట్టిగా తుమ్మాను. ఒంటి తుమ్ము. మా ఇంట్లో ఒంటి తుమ్ము వస్తే చేస్తున్న పని ఆపి, కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాలి. అమ్మ పెంపకం కదా, బహ్రెయిన్ వచ్చినా ఎక్కడికి పోతుంది? చెయ్యి వెనక్కి తీసుకుని, కూర్చుని, సీసా తీసి నీళ్ళు తాగి, మూత పెట్టి, లేచి రెండో మీట నొక్కాను. నొక్కాక గుర్తొచ్చింది, మొక్కు మరిచిపోయానని. అయిపోయింది రా అనుకుని తెర వంక చూశాను. కోల్డ్ స్టోరు కోల్డ్ స్టోరులాగే వచ్చి కూర్చుంది.

మొక్కు లేదు, ప్రార్థన లేదు. ఉత్త నీళ్ళు. నేను సీసా వంక చూశాను, మూలనున్న ముసలిదాని వంక చూశాను. అప్పుడు బుర్ర వెలిగింది. ఆ కంప్యూటరు ఒక పొట్లానికి ముద్ర కొట్టాక, దాని సామానంతా తీసి పక్కన పెట్టడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఆలోగా ఇంకోటి వచ్చి మీద పడితే, పాత దుకాణం మీటలు కొత్తదానికి అంటుకుపోతాయి. పోనీ తప్పని చెబుతుందా అంటే అదీ లేదు, మర్యాదగా ముద్ర కొట్టి పంపేస్తుంది. అక్క ప్రార్థన చేసినంతసేపూ అది ఊపిరి పీల్చుకునేది. హస్తవాసి కాదు, ఏమీ కాదు. ఆగడం. స్క్రిప్టులో ఒక్కో దుకాణానికీ మధ్య కాసేపు ఆగమని ఒక్క లైను రాశాను. మొత్తం అన్నీ సరిగ్గా వచ్చాయి.

సంతోషంతో పాటు ఒక భయం పట్టుకుంది. ఇది అక్కకు ఎలా చెప్పను? ఇన్నాళ్ళూ నువ్వు ప్రార్థించావు గానీ పని చేసింది ఆలస్యం ఒక్కటేనని చెప్పడం, వెళ్ళబోయే మనిషి మనసు కష్టపెట్టడం కాదూ? మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచాక, నసుగుతూ, అటు తిప్పీ ఇటు తిప్పీ చెప్పాను. అక్క విని, ముద్ద చేతిలోనే పట్టుకుని కాసేపు ఆలోచించింది. తర్వాత పకపకా నవ్వింది. నవ్వితే కడుపులో బిడ్డ కదిలిందేమో, చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

"అంటే ఆగాలని నాకు తెలియదు, నీకూ తెలియదు, మీ సారుకీ తెలియదు. అయినా ఇన్నాళ్ళూ ఆగాను. మరి నన్ను ఆపిందెవర్రా?" అంది.

"తిను, చల్లారిపోతుంది" అని ఇంకో చేప ముక్క నా డబ్బాలో వేసింది.

ఆ గురువారం సారు ఎదుటే పరీక్ష. కంప్యూటరుకు హస్తవాసి ఎక్కడిదని ఆయన మొండికేస్తే, చివరికి ఆ ఒక్క మీటా అక్కే నొక్కాలని రాజీ కుదిరింది. అక్క నొక్కింది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, దుకాణాలన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగుతూ, నడుస్తూ వెళ్ళిపోయాయి. ఒక్క ఫోనూ రాలేదు. సారు మూడు కప్పుల టీ తాగి, ముసలి కంప్యూటరుకేసి అనుమానంగా చూసి, "ఖలాస్. పోయి రా బిడ్డా" అన్నాడు. రేపు అనలేదు. అక్క అక్కడే ఏడ్చేసింది. గడువు దాటకముందే బావా నేనూ విమానాశ్రయానికి తీసుకెళ్ళి దింపాం. లోపలికి వెళ్తూ వెళ్తూ నాకోసం ఫ్రిజ్‌లో ఏ గిన్నెలో ఏముందో బావకు మళ్ళీ చెప్పింది. (కంగారు పడకండి, పాప క్షేమంగా పుట్టింది. అక్క అమ్మా అనగానే వాళ్ళమ్మ పలికిందట. ఆ పాప ఇప్పుడు నాకు ఫోనులో లెక్కలు చెప్పేంతదైంది, తండ్రి పోలిక.)

తర్వాతి గురువారం పొద్దున్నే వెళ్ళి మీట నొక్కాను. ఇక నాకు చెయ్యడానికేమీ లేదు. ఒక్కొక్క దుకాణం పక్కనా ఆకుపచ్చ గుర్తు పడుతూ పోయింది. అన్నీ అయ్యాక, అన్నీ పాసని చెబుదామని గర్వంగా అక్క కుర్చీ వైపు తిరిగాను. కుర్చీలో ఎవరూ లేరు. ఆమెను పంపించాలని అంత పట్టుదలగా పని చేశాను గానీ, ఆ పని పూర్తయితే ఆ దేశంలో నన్ను ఒరేయ్ అనే ఒకే ఒక్క మనిషి వెళ్ళిపోతుందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఎంత తెలివైనవాణ్ణో చూశారా? మధ్యాహ్నం డబ్బా తెరవాలనిపించలేదు.

అప్పుడు అక్క ఫోను చేసింది. వెనక నుంచి వాళ్ళమ్మ, "నడుం వాల్చమంటే మళ్ళీ ఆ ఫోనేంటే" అని కేకలేస్తోంది.

"ఏమైందిరా? అన్నీ వెళ్ళాయా?"

వెళ్ళాయని ఒక్క మాట అంటే సరిపోతుంది. అన్నింటినీ ఒక్కటి చేశానని నెల రోజులుగా ఊరంతా చెప్పుకు తిరిగిన మొనగాణ్ణి నేనే. కానీ ఆ ఒక్క మాటా అనేస్తే ఆమె ఫోను పెట్టేస్తుంది. అందుకని తెర ముందుకు జరిగి, మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టాను. "పెద్ద లాండ్రీ పోయింది అక్కా." "ఊఁ. ఆ ఇస్త్రీ అబ్బాయిది?" "అది సుత పోయింది. పెద్ద బేకరీ పోయింది." "ఊఁ." "నువైద్రాత్ కోల్డ్ స్టోరు పోయింది." "ఊఁ." ఒక్కో పేరుకూ ఆగుతూ, ఎంత నిదానంగా చదివినా ఆఖరి టైలరు షాపు రానే వచ్చింది.

"ఇంకా ఉన్నాయేంట్రా?" అంది అక్క.

ఎన్ని దుకాణాలో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. అప్పటి నాలోని ఆ పిల్లాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ముక్కు ఎగబీల్చుకుని, గొంతు సవరించుకుని, "ఉన్నయక్కా" అన్నాడు వాడు. మళ్ళీ మొదటికెళ్ళి, "పెద్ద లాండ్రీ పోయింది" అని చదివాడు.

"ఊఁ" అంది అక్క.